పచ్చగుర్తు వీధి

"ఏం పెద్దాయనా, పొద్దున్నే మా ఇనప జాలీకే ఎసరు పెట్టావా?"

మునిసిపల్ ఇంజినీరమ్మ గొంతు విని, మురుగు కాలువ దగ్గర వంగి ఉన్న ముసలాయన తలెత్తాడు.

చేతిలో గునపం. కాలువ మీద ఉండాల్సిన జాలీ పక్కన పడి ఉంది.

ఊళ్లో జాలీలు వరసగా మాయమవుతున్నాయి. ఇన్నాళ్లకు దొంగ చిక్కాడనుకుంది ఆమె.

"మళ్లీ పెట్టేద్దామనే తీశానమ్మా..."

"దొరికాక అందరూ చెప్పేదదే బాబాయ్," అన్నాడు వాచ్‌మన్. చుట్టూ చేరినవాళ్లు ఘొల్లున నవ్వారు.

గునపం లాక్కుని ఆమె జీపులో పడేశారు. ఆయన ఇంకేదో చెప్పబోయాడు. ఆమె వినకుండా జీపెక్కింది.

ఆ వీధంటే ఆమెకు గర్వం.

పొద్దున్నే తిరిగే చెత్త బండికి బిగించిన కెమెరా కాలువలన్నిటినీ ఫొటోలు తీస్తుంది. ఏఐ వాటిని చూసి, బాగున్న కాలువకు పచ్చగుర్తు, పూడినదానికి ఎర్రగుర్తు పెడుతుంది. ఈ వీధికి ఎప్పుడూ పచ్చే. అందుకే ఇక్కడి కాలువ పనివాళ్లను వేరే పేటకు మార్చి, కమిషనర్ చేత శభాష్ అనిపించుకుంది.

మనుషులు అడ్డొచ్చి లెక్క తప్పుతోందని, ఫొటోల్లోంచి వాళ్లను చెరిపేసే ఏర్పాటు కూడా ఆమెదే.

"మనుషులు మునిసిపాలిటీ ఆస్తి కాదుగా," అని అప్పట్లో నవ్వింది.

ఆ వారమే వాన దంచికొట్టింది. వీధి చివర పల్లంలో బట్టలు కుట్టే ఆవిడ గదిలోకి మురుగు పొంగింది.

"అన్నీ ఊరివాళ్ల బట్టలమ్మా. ఏ మొహం పెట్టుకుని తిరిగివ్వను?"

ఇంజినీరమ్మ మాట మార్చడానికి, జాలీ దొంగ మళ్లీ కనిపించాడా అని అడిగింది.

"ఆయనా? ఆ సాయంత్రమే గది ఖాళీ చేశాడు. దొంగన్నాక ఈ వీధిలో తలెత్తుకు తిరగలేనన్నాడట. ఎటు పోయాడో ఎవరికీ తెలీదు."

ఆఫీసుకొచ్చి చూస్తే, ఆ వీధికి మొదటిసారి ఎర్రగుర్తు.

మొన్నటిదాకా బాగున్న కాలువ ఇంతలో ఎలా పూడింది?

ఏమీ తోచక, చెరిపేసిన మనుషులతో సహా పాత ఫొటోలు చూపించమని ఏఐని అడిగింది.

ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

ఆఫీసు గది మూల ఆనించి ఉన్న ఆయన గునపం వైపు చూడలేక ఆమె తల దించుకుంది.

ప్రతి పచ్చగుర్తు కిందా, మోచేతి దాకా మురుగులో చెయ్యి పెట్టి చెత్త తోడుతూ, ఆ దొంగే ఉన్నాడు.