చెవిపూసలు తీసిన పూట

మా ఇంటికి ‘గొడవల్లేని ఇల్లు’ బహుమతి వచ్చిందని కబురందినప్పుడు నేను వంకాయలు వేయిస్తున్నాను. కాపురానికొచ్చిన మూడో నెలకే! గరిటె పట్టుకునే గెంతాను.

అందరి చెవుల్లోనూ ఉండే పూసలు ఎవరేమన్నా ఒకే మెత్తని తెలుగులోకి మార్చి వినిపిస్తాయి. జగిత్యాల అత్తయ్య మాట, నా శ్రీకాకుళం మాట వాటికొక్కటే. బహుమతి కోసం తీసే ఫొటోలో బాగుండాలని అత్తయ్యా నేనూ వాటిని తీశాం.

“ఏందే ఆ దుంకుడు? కూర మాడవెట్టినవ్! మీ అవ్వ గిదేనా నేర్పింది?” అంది అత్తయ్య.

ఇన్నాళ్లూ “కూర బాగుందమ్మా” అని నాకు వినిపించింది ఇదన్నమాట! ఒళ్లు మండింది.

“మాయమ్మనేటీ అనొద్దు! మీ పులుసు తినలేక నాను సస్తన్నాను!”

అత్తయ్య తెల్లబోయింది. “నీకు నోరున్నదా! బొమ్మవనుకున్న.”

మా ఆయన నరహరి కంగారుగా పూసలు అందించబోయాడు. అత్తయ్య ఆయన చెయ్యి తోసేసింది.

“బహుమతి వాపస్ ఇయ్యిరా. మా అత్తతోని కొట్లాడి కొట్లాడే ఆమె మాటలు నాకంటినయ్, నావి ఆమెకంటినయ్. గీ పూసలొచ్చినంక ఎవ్వల మాట ఎవ్వలకు అంటుతలేదు.” నా వైపు తిరిగింది. “రేపు పొద్దుగాల చింతపండు పిసుక్కుంట కొట్లాట మొదలువెడదం. మంచిగ తిని రా.”