గోరింక ముట్టని గింజలు

మబ్బుల్ని దగ్గరగా చూడాలని గోరింకల జంటొకటి మంచుకొండెక్కింది. అక్కడి జడలబర్రె మంచు తవ్వి గడ్డిగింజలు చూపించింది. "ఇంత ఎత్తులో ఆకలి చచ్చిపోతుందే పిల్లా! అయినా కిందకంటే ఎక్కువే తినాలి. లేకపోతే ఈ చలికి ఒళ్ళు నిలవదు."

"ఈ అందం చూస్తూ తిండెవరిక్కావాలి, పెద్దమ్మా!" అని నవ్వింది ఆడగోరింక.

వాళ్ళ జాతిలో ఆడది తిన్నాకే మగది తినాలి. "నువ్వు ముట్టందే నేనెలా ముట్టను?" అన్నాడు మగడు. ఆ ప్రేమకి మురిసిపోయిందే గానీ ఒక్క గింజైనా కొరకలేదు ఆ పిచ్చిది.

రోజులు గడిచాయి. ఓ రాత్రంతా ఆమెకి రెక్క కప్పి కాచిన మగడు తెల్లారి లేవలేకపోయాడు.

"ఇదుగో, తింటున్నాను చూడు! నువ్వూ తినవయ్యా," అంటూ ఏడుస్తూ గింజ మీద గింజ మింగింది ఆడగోరింక.

మగడు ముక్కు తెరవలేదు.