సోలన్నర నీళ్లు

"ఇంకొక్క గుక్క పొయ్యి బిడ్డా. నాలుక అంగిట్ల అంటుకపోతుంది."

కృపాదానం చేతిలోని గిలాస ఖాళీగా ఉంది. కోడలు మార్తమ్మ దాన్ని తీసుకొని బోర్లించింది.

"పొద్దటిది అయిపోయింది మామయ్యా. మల్ల పగటన్నం తిన్నంకనే."

ముసలాయన రంజను వైపు చూశాడు. తడిగుడ్డ చుట్టిన ఆ నీళ్లకుండ వసారాలో ఆయన మంచానికి కొద్ది దూరంలోనే ఉంది. ఉబ్బిన కాళ్లతో అక్కడిదాకా లేచి పోలేడు.

ఎండలు మొదలయ్యే ముందు కాళ్ల వాపు చూపించడానికి ఆయన్ను దవాఖానకు తీసుకుపోయింది మార్తమ్మే. మామగారిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తనొక్కతే లోపలికి పోయి డాక్టరుతో మాట్లాడింది. ఇంటికి వచ్చాక భర్త ప్రకాశాన్ని పిలిచి చెప్పింది. గుండె బలహీనపడిందట. ఒంట్లోకి నీరు చేరుతోందట. రోజు మొత్తానికి ఆరువందల మిల్లీలీటర్ల నీళ్లేనట, వంటలో పోసేవి కూడా అందులోకే వస్తాయట.

ప్రకాశం వడ్రంగి. అడుగులూ అంగుళాలూ పోయి మీటర్లు వచ్చాయంటేనే తల పట్టుకున్నవాడు. ఆరువందలు అనగానే చాలా ఎక్కువనుకున్నాడు. మన కొలతలో సోలన్నర అని ఆమె చెప్పాక అతని ముఖం వాడిపోయింది.

అప్పటికి మెదకు బజారులో సేర్లు, సోలలు పోయి ముద్రవేసిన లీటరు డబ్బాలు వచ్చాయి. బడిలో ఆ కొత్త లెక్కలు పిల్లలకు చెప్పేది మార్తమ్మే కనుక వాడకట్టు ఆడవాళ్లంతా ఆమెనే అడిగేవారు. సేరు బియ్యమంటే ఎన్ని గ్రాములు, పావుసేరు నూనె అంటే ఎన్ని మిల్లీలీటర్లు అని. ఆమె చెప్పిన లెక్కను మళ్లీ సరిచూసుకున్నవాళ్లు లేరు.

మామగారికి ఆమె వేరుగా వండేది. సోలలో నాలుగో వంతైన గిద్దెడు బియ్యానికి రెండు గిద్దెల నీళ్లు పట్టేవి. ఆ రెండు గిద్దెలూ సోలన్నరలోంచి తీసేసి, మిగిలినవే తాగడానికి పోసేది. చారు, పచ్చిపులుసు, అంబలి అన్నీ నీళ్లే కనుక మానిపించింది. పొడి అన్నంలోకి మామిడికాయ తొక్కు, వేయించిన ఎండుచేపలు పెట్టేది. ఆయన ఇష్టంగానే తినేవాడు. తిన్నాక ఆయన చూపు రంజనుకు అతుక్కుపోయేది.

పక్కింటి కిష్టవ్వ వచ్చి గుమ్మంలో కూర్చొని, కన్నబిడ్డలైనా ఇంత ఓపికగా చెయ్యరని మెచ్చుకునేది. "మా ముసలోనికి గూడ నీ లెక్క వెట్టు పంతులమ్మా. కల్లు సగమన్న తగ్గుతది" అనేది. మార్తమ్మ నవ్వేది కాదు.

నిరుడు వేసవిలో అదే రంజను దగ్గర మరొకరు నీళ్లడిగారు.

మార్తమ్మ కూతురు ఎలిశిబాకు నాలుగేళ్లు. వాంతులు, విరేచనాలు. ప్రకాశం ఎల్దుర్తిలో ఎవరింటికో తలుపులు చేయడానికి పోయాడు. నీళ్లిస్తే కడుపు ఆగదని కృపాదానం రంజనుకు అడ్డంగా మంచం వేసుకొని కూర్చున్నాడు. మార్తమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది. పట్టుకోవడమే తప్ప, ఇంటి పెద్దను దాటుకొని పోలేకపోయింది. పాప నుదుటి మీది తడిగుడ్డ కొసను నోట్లో పెట్టుకొని చప్పరిస్తుంటే ఆయన దాన్నీ లాగి అవతల పారేశాడు. తెల్లవారి దవాఖానకు చేర్చేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు. నీళ్లు తాగించి ఉంటే బతికేదని అక్కడి డాక్టరు అన్న మాట ఆమె భర్తకు కూడా చెప్పలేదు.

ఒకరోజు ఆమె బడి నుంచి వచ్చేసరికి ప్రకాశం తలదించుకొని నిలబడి ఉన్నాడు. "చూడలేక పోసిన మార్తా. చెంబెడు తాగిండు" అన్నాడు. మర్నాటికి వాపు మోకాళ్లు దాటింది. తన చేతులతోనే తండ్రికి హాని చేశానని ప్రకాశం కుమిలిపోయాడు. డాక్టరును ఇంకోసారి అడిగి వద్దామంటే కృపాదానమే వద్దన్నాడు.

"నా కోడలు లెక్క తప్పదురా. ఆగం జేసింది నువ్వు."

ఆ సాయంత్రమే ప్రకాశం రంజనును ఎత్తి వంటింట్లో పెట్టాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి మార్తమ్మ మామగారి ముందు పళ్లెం పెట్టింది. పక్కన గిలాసలో కొలిచిన నీళ్లు. ప్రకాశం ఇంకా రాలేదు. కృపాదానం ముద్ద నోట్లో పెట్టుకున్నాడు కాని మింగలేకపోయాడు. పెదవులు పగిలి ఉన్నాయి. చాలాసేపటికి అడిగాడు.

"పిల్లకు గూడ గిట్లనే ఉండెనా బిడ్డా?"

ఏడాదిగా ఆ ఇంట్లో పాప మాట ఎత్తినవాళ్లు లేరు.

"గిట్లనే ఉండె మామయ్యా. తాతా, తాతా అని మిమ్ములనే అడుక్కుంట పోయింది."

ఆయన భుజాలు కదిలాయి. ఏడుపు వచ్చింది కాని కన్నీళ్లు రాలేదు. గిలాసను చేత్తో ఆమె వైపు నెట్టాడు.

"గీ నీళ్లు గూడ నాకొద్దు. డాక్టరు జెప్పినదానికంటె తక్కువనే పొయ్యి."

మార్తమ్మ చేయి గిలాస మీద కాసేపు అలాగే ఉండిపోయింది. అది తిరిగి ఆయనకే అందించబోయినట్టు కొంచెం కదిలింది కూడా. తర్వాత ఆమె లేచి గిలాసను లోపలికి తీసుకుపోయింది. వచ్చి, ఆయన పళ్లెంలో ఇంకో చెంచా తొక్కు వేసి, ఎదురుగా కూర్చుంది.

డాక్టరు కొలిచి పెట్టమన్నది ఉప్పు ఒక్కటే.