మొదటి స్నానం

"మళ్ళీ అమ్మేనా లోపల?" ఆఫీసు నుంచి వచ్చిన తెత్సుయ చలికోటు మీది మంచు దులుపుతూ అడిగాడు.

"ఇంకెవరు?" కాహో నెలల పాపను భుజం మార్చుకుంది. "నీళ్ళు వేడెక్కేదాకా కూడా ఆగరు అత్తయ్య. మీట నొక్కడం, లోపలికి దూరడం."

ఆ వీధిలో ఎక్కడా లేని విడ్డూరం అది. తొట్టి బయట ఒళ్ళు కడుక్కుని, అవే తొట్టెడు వేడినీళ్ళలో ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు మునగాలి. తేటగా ఉండే మొదటి స్నానం ఇంటాయనది. చుట్టం వస్తే చుట్టానిది. తల్లి అన్నాక ఆఖరున దిగుతుంది. తెత్సుయ తల్లి కినుయె కూడా కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆఖరునే దిగింది. ఈ చలికాలంలోనే ఇలా తయారైంది.

"మా అత్తగారైతే జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చేది," అని పొరుగింటావిడ హమానో మొహమ్మీదే నవ్వింది. "ఇన్నాళ్ళకి రాణీభోగం కావాలనిపించిందా వదినా?"

"చలికి ఆగలేకపోతున్నానండీ," అంది కినుయె తల వంచుకుని.

కారణం తనకు తెలుసనుకున్నాడు తెత్సుయ. అలక.

అమ్మకి అన్నిటికీ భయమే. పాపకు పళ్ళైనా రాలేదు, జిగట బియ్యపు మోచీ ముద్ద గొంతుకు అడ్డం పడుతుందని బెంగ. గ్యాసు లీకవుతోందని మనిషిని పిలిపించింది. ఏమీ లేదు. కప్పు మీది మంచు కూలుతుందంది. తొట్టి గొట్టంలో పాకుడు పడుతోందంది. పాప ఒకసారి తుమ్మితే అంబులెన్సుకి ఫోన్ చేసింది. ఆ రోజు తెత్సుయ విసిగిపోయాడు.

"బాలింతను హడలగొట్టి చంపుతున్నావమ్మా! ఇంకొక్క భయం నీ నోట్లోంచి వచ్చిందో, సాదో దీవిలో పిన్ని దగ్గర దింపేసి వస్తాను. మనవరాల్ని ఫోటోలో చూసుకుందువుగాని."

కినుయె నోరు మూసుకుంది. మళ్ళీ ఒక్క భయమూ బయటపెట్టలేదు. ఆనాటి నుంచి మొదటి స్నానం మాత్రం తనదే.

స్నానాల గది తలుపు తెరుచుకుంది. ఆవిరికి ఎర్రబడ్డ మొహంతో బయటికొచ్చింది కినుయె.

"నీళ్ళు బావున్నాయి నాన్నా. పాపను తీసుకెళ్ళు."

"చిత్తం, మహారాణీ."

"అత్తయ్యా, టీ వడకట్టే జాలీ చూశారా?" వంటింట్లోంచి కాహో కేకేసింది. "ఎంత వెతికినా కనబడటం లేదు."

"ఎక్కడో పడేసి ఉంటానమ్మా. మతిమరుపు."

తెత్సుయ పాపతో తొట్టిలో దిగాడు. నిన్నటి నీళ్ళే, మళ్ళీ వేడిచేసినవి. అయినా అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి.

మంచు కరిగే రోజుల్లో కినుయెకు దగ్గు పట్టుకుంది. జలుబేనంది. ఎవర్నీ భయపెట్టలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఊపిరితిత్తులు రెండూ నిమ్ముతో నిండిపోయాయి.

"నీళ్ళు గొట్టంలోంచి తిప్పి వేడిచేసే తొట్టి ఉందా మీ ఇంట్లో?" అని అడిగాడు డాక్టరు. "గొట్టం లోపలి గోడకు సూక్ష్మజీవులు అంటుకుంటాయి. చుట్టూ జిగురు కట్టుకుని పొర మీద పొరగా పెరుగుతాయి. మన ఒంటి జిడ్డే వాటికి తిండి. పొర ఊడి నీళ్ళలోకి వస్తే, ఆ తుంపరతో పాటు ఊపిరిలోకి పోతాయి."

"మేమూ అవే నీళ్ళలో దిగాం కదండీ. పసిపాప కూడా. మాకేమీ కాలేదే!"

"ఆవిడ పెద్దవారు," అన్నాడు డాక్టరు.

మాస్కు కింద నుంచి కినుయె ఎప్పుడూ ఒకటే అడిగేది. "పాపకు దగ్గు లేదుగా?"

"లేదమ్మా. బ్రహ్మాండంగా ఉంది."

ఆ మాట వినగానే కళ్ళు మూసుకునేది. ఒక పొద్దున అలా మూసుకుని, మళ్ళీ తెరవలేదు.

అస్థికలు ఇంటికి తెచ్చాక, డాక్టరు చెప్పిన మందుపొడి పట్టుకుని తెత్సుయ స్నానాల గదిలోకి వెళ్ళాడు. అమ్మ ఆసుపత్రికి వెళ్ళిన నాటి నీళ్ళు తొట్టిలో అలాగే ఉన్నాయి. గొట్టం కడగాలంటే ముందు నీళ్ళు తిరగాలి. మీట నొక్కాడు. ఈ మీట తను నొక్కి ఎన్నాళ్ళయిందో.

గొట్టం గుడగుడమంది. నల్లటి జిగురు తునకలు, సూపులో నాచు ముక్కల్లా, ఒక్కసారిగా తొట్టి నిండా తేలాయి.

ఇవెప్పుడూ చూడలేదే!

వాటిని తోడెయ్యడానికి ఏదైనా దొరుకుతుందేమోనని అమ్మ కూర్చునే పీట వెనక్కి చెయ్యి చాపితే, నల్లటి జిగురు ఎండి అట్టకట్టిన టీ జాలీ తగిలింది.