నంబరు లేని చిప్పు

"ఇదొక్కటీ ఏమిటో తేలిపోతే గది నీకిచ్చేస్తాను. ఒట్టు!"

చిప్పుల సారు ఆ మాట అన్నప్పుడు ఆయన భార్య పళ్ళ మధ్య గుండుసూదులున్నాయి. లేకపోతే అప్పుడే ఏదో ఒకటి అనేసేదే.

పాత కంప్యూటర్లలోంచి ఊడదీసిన చిప్పులు పోగేయడం ఆయనకున్న పిచ్చి. ఇంట్లో గాలీ వెలుతురూ వచ్చే గది వాటికే అంకితం. చిప్పుల సారు అన్నది వీధివాళ్ళు వెక్కిరింతగా పెట్టిన పేరు. ఆయన దాన్ని బిరుదనుకుంటాడు.

భార్యను అందరూ టైలరమ్మ అంటారు. ఆవిడ కుట్టుమిషను నడవలో, చెప్పుల స్టాండు పక్కన ఉంటుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు గోడకు అతుక్కుని నిలబడాలి. ఆ గది కోసం ఆవిడ సాధించింది, అలిగింది, చివరికి మాట్లాడడమే మానేసింది. ఆయన గమనించినట్టే లేదు. ఇక లాభం లేదని, చిప్పుల డబ్బాలన్నీ పాత సామాన్లవాడికి వేసేస్తానంది. అప్పుడే ఆయన ఈ చిప్పు తీసుకొచ్చి ఒట్టు వేశాడు.

సూదులు తీసి చిప్పు అందుకుందావిడ. బొటనవేలంత నల్లటి ముక్క. రెండు వైపులా జెర్రికి ఉన్నట్టు కాళ్ళు. ఒక కాలు విరిగితే ఎవరో అతికారు.

"దీని నెత్తిమీద ఏమీ లేదేంటి? అన్నిటికీ నంబరుంటుందిగా?"

"అదే కదా చిక్కు! అప్పట్లో కొన్ని కంపెనీలు పక్కవాళ్ళు కాపీ కొట్టకుండా నంబరు గీకేసేవి" అన్నాడాయన, చిప్పు మీంచి చూపు మరల్చకుండా.

"తేలితే గది నాదేగా? మళ్ళీ మాట మార్చరుగా?"

"నీదే."

ఆ సాయంత్రమే నడవలోని స్టూలు గదిలోకి వచ్చింది.

మొదట్లో ఆవిడ ధ్యాసంతా గది మీదే. చిప్పు కాళ్ళు లెక్కపెట్టింది. కరెంటు వచ్చే కాలు ఏదో, పోయే కాలు ఏదో నేర్చుకుంది. పాత బోర్డుల మీద రాగి గీతల వెంట వేలు పెట్టుకుంటూ పోయింది. "పిచ్చి గీతల్లా ఉన్నాయి కానీ, కటింగుకు గీసుకున్న గీతల్లాంటివే" అంది. ఆయన మురిసిపోయాడు.

ఒకరోజు ఆయన వేరే చిప్పు పట్టుకుని, చెరిగిపోయిన అక్షరాలు కనబడక భూతద్దంతో అవస్థపడుతున్నాడు. ఆవిడ చూసి చూసి, బట్టల మీద గీసే సుద్దముక్క తెచ్చి దాని నెత్తిన రుద్ది, వేలితో తుడిచేసింది. కనబడీ కనబడకుండా ఉన్న గాట్లలో తెల్లగా సుద్ద నిలిచింది. కంపెనీ గుర్తు, నంబరు, అన్నీ బయటపడ్డాయి.

"అమ్మ దొంగా! ఇంత విద్య దాచుకుని ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరు అడిగితేగా!"

"నువ్వు గదిలోకి వస్తేగా!"

అదే సుద్ద ఒట్టేసిన చిప్పు మీద కూడా రుద్దింది. అక్షరం ముక్క రాలేదు. అన్నీ ఒకే వైపుకు పోయిన సన్నటి గీతలు మాత్రం కనిపించాయి.

"మొండిఘటం" అన్నాడాయన, మహా సంతోషంగా.

అలా సాయంత్రాలు గడిచిపోయాయి. కుట్టాల్సిన ఫ్రాకులు నడవలో పేరుకుపోయాయి. "చిప్పులు పోగేస్తూ కూర్చుంటే చివరికి చేతికి చిప్పే" అని రోజూ దెప్పే మనిషి, ఇప్పుడు పక్కింటావిడను పట్టుకుని మంచి చిప్పుకూ నకిలీ చిప్పుకూ తేడా ఎలా పట్టాలో చెబుతోంది. పక్కింటావిడ కనబడితే తప్పుకుని పోతోంది.

కానీ గది గదే. ఒక మధ్యాహ్నం ఆయన ఆఫీసులో ఉండగా ఆవిడ చిప్పును దారపు ఉండల డబ్బాలో పెట్టుకుని బజారులో కంప్యూటర్లు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళింది. రిపేరు ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, చిప్పును తిప్పి చూసి, ఒక పాత బోర్డులో గుచ్చాడు. బుల్లి దీపాలు వెలిగాయి.

"ఇదా అమ్మా! పాత కీబోర్డుల్లో ఉండేది. ఏ మీట నొక్కారో కనిపెట్టడమే దీని పని. ఒకప్పుడు గంపలకొద్దీ ఉండేవి."

చిప్పు తిరిగి ఆవిడ చేతిలో పెడుతూ ఇంకో మాట కూడా అన్నాడు.

గది చేతికొచ్చినట్టే. దారి పొడవునా ఆవిడ గది సర్దుకుంటూ నడిచింది. కిటికీ పక్కన మిషను. దానికెదురుగా కటింగు బల్ల. మూలన నిలువుటద్దం. అన్నీ చక్కగా కుదిరాయి. సాయంత్రాలు కూర్చునే స్టూలు ఎక్కడ వేయాలో మాత్రం తోచలేదు. ఇల్లు దగ్గరపడేకొద్దీ ఆవిడకు దిగులేసింది.

తలుపు తీసేసరికి ఆయన అప్పటికే వచ్చి ఉన్నాడు. బల్ల మీద రెండు కప్పుల టీ. రెండు భూతద్దాలు, ఒకటి కొత్తది.

"మన చిప్పు కనబడడం లేదోయ్!"

"నా దగ్గరుంది. బజారులో రిపేరు ఆయనకు చూపించాను."

కప్పు ఆయన నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. "ఏ... ఏమన్నాడు?"

ఆవిడ తీరిగ్గా చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమంటాడు? ఇలాంటిది పుట్టి బుద్ధెరిగాక చూడలేదన్నాడు."

"నేను చెప్పలా? మనకి గట్టిదే తగిలింది!" ఆయన టీ గటగటా తాగేశాడు. "పోనీలే, మళ్ళీ మొదటి కాలు నుంచి చూద్దాం."

"చూద్దాం" అంటూ ఆవిడ గుండుసూదులు నోట పెట్టుకుంది. "విరిగిన కాలు అతికి సారుకిచ్చింది నేనేనమ్మా, అప్పుడు దీని నెత్తిన నంబరు నిగనిగలాడుతూ ఉండేది" అని రిపేరు ఆయన అన్న మాటను కూడా వాటితోపాటే పళ్ళ మధ్య బిగించి, స్టూలును ఆయన వైపు ఇంకాస్త జరుపుకుంది.