బోర్డు లేని బస్సు

"నాకు మతి పూర్తిగా పోయినాక, మీ నాయన చారులో ఉప్పు సరిపోయిందో లేదో ఎవరు చూస్తారే?"

శనివారం పొద్దున్నే తల్లి పద్మావతి నోటి నుంచి ఈ మాట రావడంతో, గుమ్మంలో చెప్పులేసుకుంటున్న లావణ్య ఒక కాలితోనే ఆగిపోయింది.

"నీ మతికేమైందమ్మా? మళ్లీ మొదలుపెట్టినావా?"

"ఏమీ కాకపోతే బొమ్మల క్లాసులో ఎందుకేసినావు? ముగ్గు తప్ప నా జన్మలో ఒక గీత గీసినానా?"

"ఇద్దర్నీ వేసినా కదా! నాయన కూడా వస్తాండాడు కదా!"

"నాకు తోడు పంపిస్తాండావు. ఆమాత్రం తెల్దా నాకు?"

లావణ్య రెండో చెప్పు వేసుకుని గబగబా లిఫ్టు వైపు నడిచింది. పద్మావతి లెక్కలో అదీ ఒక సాక్ష్యమే.

అంతకుముందే చాలా సాక్ష్యాలు పోగయ్యాయి. రెండు నెలల కిందట కూతురు ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్లి తల నుంచి కాళ్ల దాకా అన్ని పరీక్షలూ చేయించింది. ఆ సాయంత్రం బాల్కనీలో ఎవరికో ఫోనులో మెల్లగా చెప్తుండగా పద్మావతి చెవిన పడింది. "అమ్మకు ఇప్పుడే చెప్పొద్దు, తట్టుకోలేదు." వారం తిరక్కుండానే బొమ్మల క్లాసు.

ఆ తర్వాత ఇంట్లో రెండుసార్లు పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. బీరువా తాళాలు బియ్యం డబ్బాలో దొరికాయి. పగలు ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్లామే. మునిస్వామి అలాంటి పనులు చేసే మనిషి కాదు. ఈ నగరానికి, కూతురింటికి రాకముందు మదనపల్లె బస్సు డిపోలో ముప్పై ఏళ్లు కంట్రోలరుగా చేసినవాడు. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరి ఏ ఊళ్ల మీదుగా పోతుందో కాగితం చూడకుండా చెప్పినవాడు. ఇక మిగిలింది ఎవరు? తనే.

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం ఆ మొగుడే. పెళ్లయిన నాటి నుంచి అవసరమైతే తప్ప నోరు తెరవని మనిషి, ఈ మధ్య ఆమెకు పరీక్షలు పెట్టడం మొదలుపెట్టాడు.

"పద్మా, మన ఇంటి నంబరెంత?"

"ఐదొందల నాలుగు!"

"ఈపొద్దు ఏ వారం?"

"బేస్తవారం!"

ఆమె ఠక్కున చెప్పేది. అతను తలూపి ఊరుకునేవాడు. గంట తిరిగేసరికి మళ్లీ అదే ప్రశ్న. ఎందుకైనా మంచిదని పద్మావతి స్నానం చేస్తూ కూతురి ఫోను నంబరు వల్లించుకునేది. పూజలో దేవుడి పేర్ల మధ్య వీధి పేరు, అపార్టుమెంటు పేరు కూడా కలిపేది. ఇంతవరకూ ఒక్క ప్రశ్నకూ తప్పు చెప్పలేదు. అయినా పరీక్షలు ఆగడం లేదు.

కొత్తగూడ చౌరస్తా దగ్గర మందుల షాపు పైన ఉంది ఆ క్లాసు జరిగే హాలు. అరవై దాటినవాళ్లకే ప్రవేశం. పాఠం చెప్పేది రూబీ అనే పాతికేళ్ల పిల్ల. ఆ నెల అందరికీ ఒకే పని ఇచ్చింది. ఎవరు ఏ పని చేస్తూ బతికారో ఆ బొమ్మ వేయాలి. అన్నీ హాలు గోడకు తగిలిస్తారు.

పద్మావతి వంటిల్లు వేసింది. ఎందుకొచ్చిన గొడవని పొయ్యి ఆర్పేసి ఉన్నట్టే వేసింది. మునిస్వామి ఎర్రబస్సు వేశాడు. చక్రాలు, కిటికీలు, ముందు అద్దానికి నిమ్మకాయల దండ, అన్నీ ముచ్చటగా కుదిరాయి. పైన ఊరి పేరుండే బోర్డును మాత్రం తెల్లగా వదిలేశాడు.

"ఎక్కడికి పోతుంది అంకుల్ మీ బస్సు?" అంది రూబీ.

"ఎక్కేవాళ్లు చెప్పాల గదమ్మా," అన్నాడు మునిస్వామి. హాలంతా గొల్లుమంది.

"బొమ్మ వెనకాల పేరు, ఇంటి నంబరు రాసివ్వండి," అని రూబీ అవతలి వరసకు వెళ్లింది. మునిస్వామి పెన్సిలు తెచ్చి పెళ్లాం చేతిలో పెట్టాడు.

"నువ్వే రాయి. ఇంటి నంబరెంతా?"

పద్మావతి పెన్సిలు బిగించి పట్టుకుంది. ఇంట్లో చాలక ఇప్పుడు నలుగురిలోనా! "ఐదొందల నాలుగు," అని హాలంతా వినపడేట్టు చెప్పి, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా రాసింది.

పక్క కుర్చీలో నెమలికి రంగు వేస్తున్న కమలమ్మ నవ్వింది. "ఏందక్కా, గంత పరేషాన్ అయితున్నవ్? మా ఆయన నలభై ఏండ్లల్ల నన్ను ఒక్క ముచ్చట అడగలే. నీ పెనిమిటి గంటకోపారి అడుగుతుండని నువ్వే అంటివి. గిట్లాంటోడు దొరకాల్నంటే కిస్మత్ ఉండాలె."

"ప్రేమతో కాదు కమలమ్మా, నాలో ఇంకా ఎంత మిగిలిందో చూసుకుంటాండాడు," అంది పద్మావతి కళ్లు తుడుచుకుంటూ.

క్లాసయ్యాక లావణ్య కారు తెచ్చేదాకా బస్టాపు బెంచీ మీద కూర్చోవడం వాళ్లకు అలవాటు. ఆ రోజు కూర్చోవడమే ఆలస్యం, పద్మావతి ఇక ఆపుకోలేకపోయింది.

"ఏమండీ, దాచొద్దండి. డాక్టరు ఏం చెప్పినాడు? దినామూ పరీక్ష పెడతాండారు, ఒక్కటన్నా తప్పు చెప్పినానా? ఇంకెన్నాళ్లకు మిమ్మల్ని కూడా మర్చిపోతానో అది చెప్పండి చాలు. ఈ లోపల వంటింట్లో డబ్బాలన్నిటి మీదా పేర్లు రాసిపెడతా. మీరు ఇబ్బంది పడకూడదు."

ఒక బస్సు వచ్చి జనాన్ని ఎక్కించుకుని పోయింది. వెనకాలే ఇంకొకటి. మునిస్వామి ప్రతి బస్సు బోర్డునూ తలెత్తి చూస్తున్నాడు. ఎర్రరంగు అంటిన వేళ్లను చొక్కా అంచుకు తుడుచుకుంటున్నాడు, మళ్లీ చూస్తున్నాడు. మూడో బస్సు కూడా వెళ్లిపోయాక, ఎన్నడూ నలుగురిలో చేయి పట్టుకోని మనిషి ఆమె చేయి పట్టుకున్నాడు.

"పరీక్ష కాదు పద్మా, నాకు తెలీకనే అడుగుతాండా."