ఇరవై సెకన్ల బాణీ

ఎర్ర దీపం మూడుసార్లు మిణుకుమని ఆరిపోయింది.

హిసానో ఇంకా పెడల్ మీంచి చెయ్యి తియ్యలేదు. తతామీ చాప మీద మోకాళ్లూని, చిన్న స్పీకరుకు చెవి ఆనించి కూర్చుంది. మొదటిసారి నొక్కగానే గిటారు బాణీ మొదలైంది. అయిపోయిన ప్రతిసారీ మళ్లీ మొదటికొచ్చి వినిపిస్తూనే ఉంది. ఆపుదామని రెండోసారి నొక్కింది. ఆపబుద్ధి కాలేదు. చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆ పెడల్‌ని నొక్కి వెంటనే వదిలెయ్యాలి. అది వాయించిన బాణీని దాచుకుని మళ్లీ మళ్లీ వినిపించే చిన్న పెట్టె; రెండు సెకన్లు నొక్కి ఉంచితే అందులో దాచిన బాణీ చెరిగిపోతుంది. గిటారు వాయించేవాళ్లు దాన్ని కాలితో తొక్కి వదిలేస్తారు. హిసానో ఎన్నడూ ఒక్క తీగైనా మీటలేదు.

చెరిగిపోయింది ఇరవై సెకన్ల బాణీ. ఆసుపత్రికి వెళ్లే ముందురోజు కూతురు మినోరి వాయించి, అందులో నిలిపి ఉంచినది. ఆ పిల్ల ఇంటికి తిరిగి రాలేదు. అప్పటికి దానికి పద్దెనిమిదేళ్లు.

రెండేళ్లుగా ప్రతి నెలా పదిహేడో తారీఖున, కూతురు పోయిన తేదీన, యసుహికో ఫొటో ముందు అగరొత్తులు వెలిగించి తనే ఆ పెడల్ నొక్కేవాడు. భార్యను ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"నీకు తెలీదు, ఊరుకో," అనేవాడు.

నిన్ననే పదిహేడు. ఇవాళ ఆయన పనికి వెళ్లగానే, ఒక్కసారి ఒంటరిగా విందామని ఆమె ఆశపడింది.

కంగారులో పెట్టె మీది నాబ్‌లన్నీ తిప్పి చూసింది. ఏదో ఒకటి తిప్పితే తిరిగొస్తుందేమోనని. రాలేదు.

సాయంత్రం యసుహికో వచ్చి ఆమె మొహం చూశాడు.

"కళ్లు ఎర్రబడ్డాయేం?"

"ఉల్లిపాయలు తరిగానండీ."

"మరి సూప్‌లో ఒక్క ముక్కా కనబడదే!"

"తరిగి, వెయ్యడం మర్చిపోయాను."

ఆయన నవ్వాడు. చాన్నాళ్లకు నవ్వాడు. అది ఆమెకు ఇంకా బరువైంది.

మత్సుమోటో పట్టణంలో వాళ్ల వీధిలో సగం మందికి గిటార్లు చేసే ఫ్యాక్టరీల్లోనే పని. యసుహికో ముప్ఫై ఏళ్లుగా తీగలు బిగిస్తున్నాడు. "బిగించడం మా వంతు, వాయించడం లోకం వంతు," అనడం ఆయనకు అలవాటు. మినోరి పోయిన ఆ శీతాకాలమంతా ఆయన రోజూ ఆలస్యంగా ఇల్లు చేరేవాడు. ఇంట్లో ఉండలేకపోతున్నాడనుకుని హిసానో ఏమీ అడగలేదు.

మర్నాడు ఆమె మినోరి గిటారు భుజాన వేసుకుని, పెట్టెను గుడ్డలో చుట్టి, సోబా నూడుల్స్ హోటలు మేడ మీద గిటారు నేర్పే కుజె గారి దగ్గరికి వెళ్లింది.

"ఒక్క బాణీ వస్తే చాలు. నెల తిరిగేలోగా," అంది. కూతురి సంగతి చెప్పి, కూనిరాగం తీసి వినిపించింది.

ముసలాయన కళ్లజోడు సర్దుకుని పెట్టెను చూశాడు.

"నాబ్‌ల పక్కన ఈ గులాబీ చుక్కలు చూశారా? గోళ్ల రంగు. మీ అమ్మాయి గుర్తు పెట్టుకుంది. ఇది ధ్వనిలో గరుకుకి, ఇది మారుమోతకి, ఇది శబ్దం ఎంతసేపు సాగాలో దానికి. ఒక్కోదాని మీది గీతను చుక్కకు ఎదురుగా తెస్తే ఆ అమ్మాయి ధ్వనే వస్తుంది. మిగిలింది మీ వేళ్ల సంగతి."

గీతలు చుక్కలకు ఎదురుగా వచ్చాయి. వేళ్లే రాలేదు. ఎడమచేతి వేళ్లు నాలుగూ బొబ్బలెక్కి చిట్లాయి. ఆమె పట్టీలు చుట్టుకుంది.

"ఏమైంది?" అన్నాడు యసుహికో.

"ముల్లంగి తరుగుతుంటే కత్తి జారింది."

"నాలుగు వేళ్లకీనా?"

"పెద్ద ముల్లంగి."

ఆయన ఆ చేతిని కాసేపు చూశాడు. మర్నాడు ఫ్యాక్టరీ నుంచి చిన్న లేపనం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. "తీగలు కోసుకున్నవాళ్లకు రాస్తాం. ముల్లంగికీ పనిచేస్తుంది."

మూడు వారాలకు బాణీ వచ్చింది. ఒక్క చోటు తప్ప. గోడ అవతల నుంచి విన్నన్నాళ్లూ ఎప్పుడూ తడబడని పిల్ల, పెట్టెలో దాచిన బాణీలో మాత్రం మూడో వరసలో తడబడింది. వేలు జారి, తీగ కిర్రుమని, మళ్లీ సర్దుకుంది. మొత్తం బాణీలో హిసానోకు అన్నిటికంటే ఇష్టం ఆ కిర్రుమనడమే. అది విన్నప్పుడల్లా పిల్ల పక్కనే కూర్చుని ఉన్నట్టుండేది. అందుకే బాణీ కంటే ఆ తడబాటునే ఎక్కువ సాధన చేసింది.

"తప్పు వాయించడం నేర్పమని వచ్చినవాళ్లు మీరొక్కరే," అన్నాడు కుజె. "మిగతావాళ్లకు నేను నేర్పకుండానే వచ్చేస్తుంది."

పదహారో తారీఖు మధ్యాహ్నం, పదకొండో ప్రయత్నంలో, తప్పు సరిగ్గా కుదిరింది. దాన్ని పెట్టెలో నిలిపింది.

పదిహేడున యసుహికో అగరొత్తులు వెలిగించాడు. హిసానో ఆకుకూర కూరిన ఓయాకి రొట్టెలు రెండు ఫొటో ముందు పెట్టింది. ఆయన పెడల్ నొక్కి వదిలాడు.

బాణీ మొదలైంది. మూడో వరసలో తీగ కిర్రుమంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. మూడుసార్లు తిరిగొచ్చాక మళ్లీ నొక్కి, నిప్పు తగిలినట్టు చెయ్యి తీసేశాడు.

ఇక ఆమె వల్ల కాలేదు. రెండు అరచేతులూ చాప మీద ఆనించి తల వంచింది.

"ఏమండీ, మీకో సంగతి చెప్పాలి."

"ముందు నన్ను చెప్పనీ," అన్నాడు యసుహికో, ఫొటో మీంచి చూపు తిప్పకుండా. "ఆ శీతాకాలం నేనూ చెయ్యి తియ్యలేక చెరిపేసుకున్నాను హిసానో, మూడో వరసలో వేలు జారింది మినోరికి కాదు, నాకు."